చట్రం బయటి చెట్లు

ఈ పూట మీకొక బొమ్మ చూపించాలని ఉంది. రేడియోలో బొమ్మ చూపించడానికి మాటలే ఆధారం. వీలైతే కాసేపు కళ్లు మూసుకుని వినండి.

చలికాలం. పొద్దు పొడిచి కాసేపయింది. మన ఎదుట దున్ని వదిలేసిన చేను. మెల్లగా మిట్టకెక్కుతూ ఆకాశం అంచు దాకా పోతోంది. రాత్రి పడ్డ మంచు చాళ్ల మీద పేరుకుని ఇంకా కరగలేదు. దూరం నుంచి తెల్లగా కనిపించే ఆ మంచు, దగ్గరికెళ్లి చూస్తే ఒక్కచోటా తెల్లగా ఉండదు. ఎండ తగిలిన మేర లేత పసుపు, గులాబి. ఎండ తగలని చాలులో నీలం, ఊదా. వాటి అడుగు నుంచి తొంగిచూసే మట్టిరంగు, పచ్చరంగు. చేని మీదుగా పాత బాట. ఆ బాట వెంట ఒక మనిషి వీపున కట్టెల మోపుతో, చేతికర్ర పోటేసుకుంటూ నడుస్తున్నాడు. అతనెవరో మనకు తెలియదు. చేనుకు అడ్డంగా మాత్రం పొడవాటి నీడలు పరుచుకుని ఉన్నాయి. అవి చెట్ల నీడలు. ఆ నీడలు ఏ చెట్లవో అని బొమ్మంతా వెతికినా ఆ చెట్లు దొరకవు. అవి చట్రానికి బయట, చిత్రకారుడి వెనకో పక్కనో నిలబడి ఉన్నాయి. మనకు చేరినవి వాటి నీడలే.

ఈ బొమ్మ పేరు ‘తెల్లమంచు’. గీసింది 1873లో, పారిస్‌కు వాయవ్యంగా ఉన్న పోంత్వాజ్ అనే చిన్న పట్టణం పొలిమేరలో. గీసినవాడు కమీల్ పిస్సారో. ఇప్పుడది పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉంది. 1874 ఏప్రిల్‌లో దీన్ని మొదటిసారి జనం ముందు పెట్టినప్పుడు ఒక హాస్యపత్రిక విలేకరి, ఇది చేనేమిటి, రంగుల పలక గీకి మురికి గుడ్డ మీద పులిమినట్టుంది, దీనికి తలా తోకా లేవు అని ఎగతాళి చేశాడు. కస్తన్యారీ అనే మరో విమర్శకుడు కొంత సానుభూతి ఉన్నవాడే, అయినా ఆయనకు రెండు విషయాలు మింగుడుపడలేదు. ఒకటి, కనబడని చెట్ల నీడలు వేయడం. రెండు, ఈ పెద్దమనిషికి కూరమళ్లంటే ఇంత పిచ్చేమిటని, క్యాబేజీ కనిపిస్తే చాలు వదలడేమిటని.

ఆ క్యాబేజీల మాటను గుర్తుపెట్టుకోండి. నాకు పిస్సారో అర్థమైంది అక్కడే.

ఆనాటి ఫ్రాన్స్‌లో ప్రకృతి దృశ్యం గీయడం కొత్తేమీ కాదు. కానీ గీయదగిన ప్రకృతి వేరు, గీయదగనిది వేరు అని ఒక లెక్క ఉండేది. శిథిలమైన కోట, సూర్యాస్తమయం, జలపాతం, పురాణకథలోని దేవతలు సేదతీరే వనం, ఇవి గీయదగినవి. ఒక రైతు పెరడు, వంటింటి వెనక పాదులు, బురదబాట, ఫ్యాక్టరీ పొగగొట్టం గీయదగనివి. పిస్సారో ఈ తేడాను ఒప్పుకోలేదు. ఆయన కాన్వాస్ మీద చర్చి శిఖరానికీ క్యాబేజీ మడికీ ఒకే శ్రద్ధ దక్కుతుంది. ఆకాశానికి ఎన్ని కుంచెపోట్లు పడతాయో నేలకూ అన్నే పడతాయి. ఒక కుర్ర చిత్రకారుడికి ఆయన చెప్పిన పాఠం కూడా ఇదే: ముక్కలు ముక్కలుగా గీయకు, ఆకాశం, నీళ్లు, కొమ్మలు, నేల, అన్నింటినీ ఒక్కసారిగా మొదలుపెట్టు, అన్నింటినీ కలిపి ముందుకు నడిపించు అని.

ఇలా చూడటం ఆయనకు ఎలా అబ్బిందో తెలియాలంటే, పుట్టిన ద్వీపం దగ్గరికి వెళ్లాలి.

కరీబియన్ సముద్రంలో సెయింట్ థామస్ అనే చిన్న దీవి. ఇప్పుడది అమెరికా చేతిలో ఉంది కానీ అప్పట్లో డెన్మార్క్ వలస. దాని రేవుపట్నం షార్లెట్ అమాలీలో 1830 జులై 10న ఒక యూదు వర్తకుడి ఇంట పిస్సారో పుట్టాడు. పెట్టిన పూర్తి పేరు జాకబ్ అబ్రహాం కమీల్ పిస్సారో. తండ్రి తరఫువాళ్లు ఎప్పుడో పోర్చుగల్ నుంచి ఫ్రాన్స్‌లోని బోర్డోకు చేరిన యూదులు. తండ్రి ఫ్రెడెరిక్, చనిపోయిన తన మేనమామ వ్యాపారం చక్కబెట్టడానికి బోర్డో నుంచి దీవికి వచ్చాడు. వచ్చి, ఆ మేనమామ భార్య రషేల్‌ను పెళ్లి చేసుకున్నాడు. వరసకు ఆమె అత్త. దీవిలోని యూదు సమాజం నొచ్చుకుంది. అక్కడి ప్రార్థనామందిరం పెద్దలు చాలా ఏళ్లు ఆ పెళ్లిని ఒప్పుకోలేదు. అంటే కమీల్ పుట్టేనాటికి ఆ కుటుంబం తమవాళ్లలోనే వెలిలాంటి బతుకు బతుకుతోంది. పిల్లలను మొరావియన్ క్రైస్తవ మిషనరీలు నడిపే బడికి పంపారు. ఆ బడిలో మిగతా పిల్లలంతా నల్లజాతివాళ్లు. ఆ దీవిలో బానిసత్వం రద్దయింది 1848లో, అంటే ఈ కుర్రాడు బడికి వెళ్లే రోజుల్లో అది ఇంకా చట్టమే.

ఒక దీవిలో డేనిష్ ప్రజగా, ఇంట్లో ఫ్రెంచి మాటతో, యూదుల్లో వెలివేసిన ఇంటి బిడ్డగా, నల్లపిల్లల మధ్య చదువుకున్నవాడు. మనుషులను మెట్లుగా పేర్చి చూడటం ఇలాంటివాడికి అలవాటు కాకపోవడంలో ఆశ్చర్యం లేదని నాకనిపిస్తుంది.

12 ఏళ్లకు పారిస్ పక్కనున్న పాసీలో హాస్టల్ బడికి పంపారు. 17 ఏళ్లకు తిరిగొచ్చి తండ్రి కొట్లో గుమాస్తా అయ్యాడు. రేవులో నిలబడి దిగే సరుకు లెక్క రాసుకోవడం పని. లెక్కల పుస్తకం పక్కనే బొమ్మల పుస్తకం. నీళ్లకుండలు మోసే ఆడవాళ్లను, బట్టలుతికేవాళ్లను, గాడిదలను, తాటిచెట్లను గీసుకుంటూ ఉండేవాడు. అక్కడే ఫ్రిట్జ్ మెల్బీ అనే డెన్మార్క్ చిత్రకారుడు పరిచయమయ్యాడు. 1852లో ఇద్దరూ కలిసి వెనెజువెలాకు వెళ్లిపోయారు. మంచి జీతమొచ్చే గుమాస్తాగా ఉండీ భరించలేక, ఆ బతుకుకు కట్టిన తాడు తెంచుకుని కరకాస్‌కు పారిపోయానని తర్వాత ఒక ఉత్తరంలో ఆయనే రాసుకున్నాడు. రెండేళ్లు అక్కడ గీసి ఇంటికొస్తే తండ్రి ఇక చేసేదేమీ లేక ఒప్పుకున్నాడు. 1855లో పిస్సారో పారిస్ చేరాడు. తాను పుట్టిన దీవిని మళ్లీ చూడలేదు. పారిస్‌లో కూర్చుని మరుసటేడు, సముద్రపొడ్డున మాట్లాడుకుంటున్న ఇద్దరు నల్ల ఆడవాళ్లను జ్ఞాపకం నుంచి గీశాడు. ఆ ఇద్దరూ పని మధ్యలో ఆగి ఏదో చెప్పుకుంటున్నారు. ఎవరి మెప్పు కోసమూ నిలబడి లేరు. తర్వాత ఆయన గీసిన ఫ్రెంచి పల్లెపడుచులందరికీ ఈ ఇద్దరూ అక్కలు.

పారిస్‌లో ఆయన గురువు కొరో. అప్పటికే పేరున్న పెద్ద చిత్రకారుడు. ఆరుబయట కూర్చుని గీయమని చెప్పినవాడు ఆయనే. ఆ రోజుల్లో ఏటా ప్రభుత్వం తరఫున జరిగే సాలోన్ ప్రదర్శనలో బొమ్మకు చోటు దొరికితేనే చిత్రకారుడికి బతుకుతెరువు. 1864, 1865ల్లో సాలోన్ జాబితాలో తన పేరు పక్కన ‘కొరో శిష్యుడు’ అని వేయించుకున్నాడు పిస్సారో. ఈ సంగతి మళ్లీ చివర్లో అవసరపడుతుంది.

ఇంట్లో తల్లికి సాయంగా పనిచేసే అమ్మాయి జూలీ వెల్లే. బర్గండీలో ద్రాక్షతోటల కుటుంబం నుంచి వచ్చిన కాథలిక్కు పిల్ల. కమీల్, జూలీ ఒకరినొకరు ఇష్టపడ్డారు. తనదే ఊరంతా తప్పుపట్టిన పెళ్లి అయినా, తల్లి రషేల్ ఈ సంబంధానికి ఒప్పుకోలేదు. ఇద్దరూ కలిసే బతికారు, పిల్లలు పుట్టారు, పెళ్లి మాత్రం 1871లో లండన్ శివారు క్రాయిడన్‌లో జరిగింది. జూలీ గురించి పుస్తకాల్లో రెండు వాక్యాలకు మించి ఉండదు, అది నాకు బాధ. ఏడుగురు పిల్లలను పెంచింది ఆమె. కుందేళ్లూ కోళ్లూ సాకి, కూరలు పండించి, భర్త బొమ్మ అమ్ముడుపోని నెలల్లో పొయ్యి వెలిగించింది ఆమె. ఆయన గీసిన ఆ క్యాబేజీల్లో చాలావాటిని ఎవరు నాటి, ఎవరు నీళ్లు పోశారో ఊహించుకోవచ్చు.

లండన్‌లో పెళ్లి ఎందుకు జరిగిందంటే, 1870లో ఫ్రాన్స్‌కూ ప్రష్యాకూ యుద్ధమొచ్చింది. అప్పటికి పిస్సారో కుటుంబం పారిస్ పక్క లూవ్‌సియెన్ ఊళ్లో అద్దెకుంటోంది. జర్మన్ సేనలు దగ్గరకొస్తుంటే పిల్లలతో ఇల్లు వదిలి, మొదట ఒక స్నేహితుడి పొలానికీ, అక్కణ్నుంచి లండన్‌కూ చేరారు. ఇంట్లో ఆయన ఇరవై ఏళ్ల పని ఉండిపోయింది. దాదాపు 1500 బొమ్మలు అంటారు. ప్రష్యన్ సైనికులు ఆ ఇంట్లో దిగారు. తోటలో బురదగా ఉంటే బూట్లకు మట్టి అంటకుండా ఆ కాన్వాసులను నేల మీద పరిచి తొక్కుతూ నడిచారు. యుద్ధం ముగిశాక తిరిగొచ్చి చూస్తే మిగిలినవి నలభై దాకా.

41 ఏళ్ల వయసు. ఇరవై ఏళ్ల చేతిపని బూటుకాళ్ల కింద పోయింది. ఇక్కడ ఎవరైనా చితికిపోతారు. ఆయన మాత్రం 1872లో పోంత్వాజ్‌కు మకాం మార్చి మళ్లీ చేలల్లోకి నడిచాడు. మనం మొదట చూసిన ఆ మంచుచేను వీటన్నింటికీ తర్వాతిది. నల్లరంగును, ముదురు మట్టిరంగులను పలక మీద నుంచి దాదాపుగా తీసేశాడు. నీడ అంటే నలుపు కాదని, వెలుతురు మరోరంగులో ఉండటమేనని ఆయనా, ఆయన నేస్తాలూ కనిపెట్టిన రోజులవి.

లండన్‌లో ఉండగా మరో మేలు జరిగింది. పాల్ దురాన్-రుయెల్ అనే ఫ్రెంచి చిత్రాల వ్యాపారి కూడా యుద్ధానికి భయపడి అక్కడికే చేరాడు. పిస్సారో బొమ్మలు కొన్నాడు. లండన్‌లోనే ఉన్న క్లోద్ మొనే బొమ్మలూ కొన్నాడు. తర్వాతి ముప్ఫై ఏళ్లు ఈ గుంపు ఆకలితో చావకుండా కాపాడిన కొద్దిమందిలో ఆయనొకడు.

ఇక ఆ గుంపు సంగతి. మొనే, దెగా, రెన్వార్, సిస్లీ, బెర్త్ మొరిసో, సెజాన్. సాలోన్ వాకిలి మూసుకుపోతుంటే మనమే ప్రదర్శన పెట్టుకుందామనుకున్నారు. అందరూ సమానంగా డబ్బు వేసుకుని సహకార సంఘం పెట్టాలి. దానికి నియమావళి రాయాలి. పిస్సారో ఎక్కడి నుంచి తెచ్చాడో తెలుసా? పోంత్వాజ్‌లోని రొట్టెలు చేసేవాళ్ల సంఘం నియమావళిని ముందుపెట్టుకుని రాశాడు. చిత్రకళ చరిత్రను మలుపు తిప్పిన సంఘానికి పునాది రొట్టెల బట్టీ దగ్గర పడింది. ఈ చిన్న సంగతి తలచుకున్నప్పుడల్లా ఆయన మీద నాకు గౌరవం పెరుగుతుంది.

1874 ఏప్రిల్ 15న పారిస్‌లో నదార్ అనే ఫొటోగ్రాఫర్ పాత స్టూడియోలో ప్రదర్శన తెరిచారు. 30 మంది చిత్రకారులు, టికెట్టు ఒక ఫ్రాంకు. వచ్చినవాళ్లలో చాలామంది నవ్వుకోవడానికే వచ్చారు. మొనే బొమ్మ పేరులోని ఒక మాటను పట్టుకుని పత్రికలు వెక్కిరింపుగా పెట్టిన పేరే ఇంప్రెషనిస్టులు. ఏడాది చివర లెక్క చూసుకుంటే ఒక్కొక్కరి నెత్తిన 184 ఫ్రాంకుల పైచిలుకు అప్పు మిగిలింది. సంఘాన్ని మూసేశారు.

ఆ ప్రదర్శన తెరవడానికి తొమ్మిది రోజుల ముందు పిస్సారో కూతురు జాన్ చనిపోయింది. ఇంట్లో మినెత్ అని పిలిచేవారు. తొమ్మిదేళ్లు నిండలేదు. ఆ పిల్లను ఆయన ఎన్నోసార్లు గీశాడు, జబ్బుపడి కుర్చీలో కూర్చున్నప్పుడు కూడా. తెల్లమంచు బొమ్మ ముందు జనం పగలబడి నవ్వుతున్న రోజుల్లో ఆ తండ్రి ఇంట్లో ఏముందో వాళ్లకెవరికీ తెలియదు.

1874 నుంచి 1886 దాకా ఇంప్రెషనిస్టులు ఎనిమిది ప్రదర్శనలు పెట్టారు. మధ్యలో మొనే వదిలేశాడు, రెన్వార్ సాలోన్ వైపు తిరిగాడు, సెజాన్ విసిగి వెళ్లిపోయాడు. ఎనిమిదింటిలోనూ బొమ్మలు పెట్టినవాడు ఒక్క పిస్సారోయే. తగాదాలు తీర్చినవాడూ, కొత్తవాళ్లను తెచ్చినవాడూ, అలిగినవాళ్లను బతిమాలినవాడూ ఆయనే. పెద్ద గడ్డం, మెత్తని మాట. నేస్తాలకు ఆయన్ను చూస్తే బైబిలు పాతనిబంధనలోని పితామహుడు గుర్తొచ్చేవాడు.

వీళ్లలో సెజాన్‌తో బంధం వేరు. దక్షిణాది నుంచి వచ్చిన మొరటు కుర్రాడు, ఎవరితోనూ పొసగనివాడు. 1872లో పోంత్వాజ్ చేరి పిస్సారో పక్కనే ఈజిల్ వేసుకుని కూర్చున్నాడు. పిస్సారో గీసిన లూవ్‌సియెన్ దృశ్యాన్ని ఒకదాన్ని అరువు తెచ్చుకుని గీతగీతకూ నకలు దించాడు. అంతకుముందు అతని బొమ్మల్లో నలుపు ముద్దలు ముద్దలుగా ఉండేది. ఇక్కడికొచ్చాక ఆరుబయట వెలుతురు అలవాటైంది, చేయి నెమ్మదించింది. ఇద్దరినీ వెనక నిలబడి చూసిన పల్లెటూరి మనిషి ఒకాయన అన్న మాటను ఆ కుటుంబం దాచుకుంది: పిస్సారోగారు పొడుస్తారు, సెజాన్‌గారు పూస్తారు అని. ఇద్దరి కుంచెలకూ ఉన్న తేడాను ఇంత క్లుప్తంగా ఏ విమర్శకుడూ చెప్పలేకపోయాడు.

షేర్ల దళారీగా పనిచేస్తూ ఆదివారాలు బొమ్మలు వేసుకునే పాల్ గోగాన్ కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాడు. తర్వాత ఇద్దరికీ చెడింది. అయినా ఎక్కడో పసిఫిక్ దీవుల్లో, చివరి రోజుల్లో, పిస్సారో నా గురువుల్లో ఒకడు, కాదనను అని గోగాన్ రాసిపెట్టాడు. మేరీ కసాట్ అనే అమెరికన్ చిత్రకారిణి అయితే ఆయన రాళ్లకు కూడా బొమ్మలు వేయడం నేర్పగలడని అనేది. విన్సెంట్ వాన్ గో ఆస్పత్రి నుంచి బయటికొచ్చినప్పుడు, ఓవేర్ ఊళ్లో గాషే అనే డాక్టరున్నాడు, అక్కడికి పంపు అని వాన్ గో తమ్ముడికి చెప్పింది కూడా పిస్సారోయే.

ఇంత చేసినవాడి ఇంట్లో డబ్బుండేది కాదు. మ్యురే అనే మిఠాయిల అంగడి యజమాని ఆయనకు సాయం చేద్దామని బొమ్మలను లాటరీ పెట్టాడట. గెలిచిన పనిపిల్ల బొమ్మ చూసి, దీని బదులు క్రీము బన్ను ఇవ్వకూడదా అని అడిగిందట. చిత్రకారులు చెప్పుకునే కథ ఇది. ఆ పిల్లను నేను తప్పుపట్టను. పిస్సారో కూడా పట్టి ఉండడు. ఆయన జీవితమంతా చేసింది అలాంటి పిల్లల పక్షాన నిలబడటమే. అరాచకవాదులైన క్రొపోత్కిన్‌నూ ప్రూధాన్‌నూ చదివి, సర్కారూ యజమానీ లేని సమాజం రావాలని నమ్మినవాడు. చేతిలో చిల్లిగవ్వ లేని రోజుల్లోనూ ఆ ఉద్యమ పత్రికలకు చందా కట్టేవాడు. 1894లో ఫ్రాన్స్ అధ్యక్షుణ్ని ఒక అరాచకవాది చంపినప్పుడు, ఆ భావాలున్నవాళ్లందరినీ పట్టుకుంటుంటే బెల్జియంలో కొన్నాళ్లు గడపాల్సి వచ్చింది. హింసను నమ్మినవాడు కాదు ఆయన. నమ్మిందంతా బొమ్మల్లోనే ఉంది. ఆయన పొలాల్లో పనిచేసే ఆడవాళ్లు కష్టజీవుల విగ్రహాల్లా కనిపించరు. వంగి బఠాణీలు కోస్తారు, మధ్యలో నడుము నిలబెట్టుకుంటారు, కబుర్లు చెప్పుకుంటారు, నీడన పడుకుంటారు. వాళ్ల మీద జాలి చూపే హక్కు తనకుందని ఆయన ఎప్పుడూ అనుకోలేదు.

1884లో ఎప్త్ నది ఒడ్డున ఎరాన్యీ అనే పల్లెకు చేరాడు. చివరిదాకా అదే ఇల్లు. 55 ఏళ్ల వయసులో జార్జ్ సూరా అనే పాతికేళ్ల కుర్రాణ్ని కలిశాడు. రంగులను పలక మీద కలపకుండా చిన్న చిన్న చుక్కలుగా పక్కపక్కన పెడితే కంటిలో అవే కలుస్తాయన్నది సూరా పద్ధతి. తనకంటే ముప్ఫై ఏళ్లు చిన్నవాడి దగ్గర పిస్సారో మళ్లీ శిష్యుడయ్యాడు. ఒక్కో బొమ్మకు నెలలు పట్టేది. కొనేవాళ్లు మొహం తిప్పుకున్నారు. నాలుగైదేళ్లు పట్టువదలకుండా చేసి, ఇది నా చూపు వేగానికి సరిపోవడం లేదు అనుకుని వదిలేశాడు. నేర్చుకోవడానికీ సిగ్గుపడలేదు, వదిలేయడానికీ సిగ్గుపడలేదు.

1892లో ఎరాన్యీ ఇల్లు అమ్మకానికొచ్చింది. అద్దె ఇల్లు పోతే వీధిన పడాలి. భర్త లండన్‌లో ఉండగా జూలీ తానే అడిగి మొనే దగ్గర 15,000 ఫ్రాంకులు అప్పు తెచ్చి ఇల్లు కొనిపించింది. ఆ ఇంటి కొట్టాన్నే తర్వాత స్టూడియో చేసుకున్నారు. దానికి పెద్ద కిటికీలు పెట్టించారు.

ఆ కిటికీలు అప్పటికే అవసరంగా మారాయి. 1888 నుంచి ఆయన కుడికన్ను కన్నీటి గ్రంథికి చీము పట్టడం మొదలైంది. ఎన్నిసార్లు కోయించుకున్నా తిరగబెట్టేది. గాలి, దుమ్ము తగలకూడదన్నారు. ఆరుబయట గీయడమే ప్రాణంగా బతికినవాడికి ఆరుబయట మూసుకుపోయింది. అప్పుడేం చేశాడంటే, కిటికీ వెనక్కి వెళ్లాడు. రువాన్ రేవులో, పారిస్‌లో, దియెప్‌లో, ల హావ్ర్‌లో హోటల్ గది అద్దెకు తీసుకోవడం, కిటికీ మూసి అద్దంలోంచి కనిపించేది గీయడం.

1897 ఫిబ్రవరిలో పారిస్‌లోని గ్రాండ్ హోటల్ ద రుస్సీలో గది తీసుకున్నాడు. కింద బులెవార్ మోన్మార్త్ర్. ఏప్రిల్ దాకా అదే కిటికీలోంచి అదే వీధిని 14 సార్లు గీశాడు. పొగమంచులో, వానలో, వసంతపు పొద్దున, కార్నివాల్ ఊరేగింపులో. ఒక్కసారి రాత్రిపూట కూడా. తడిసిన రోడ్డు మీద వీధి దీపాలు, దుకాణాల వెలుగు, వరుసగా బండ్ల దీపాలు. ఈ బొమ్మల్లో మనుషులు చిన్న చిన్న కుంచెపోట్లు. పైనుంచి చూస్తున్నాడు కదా, టోపీ ఎంత ఖరీదైనదో తెలియదు, ఎవరు యజమానో ఎవరు గుమాస్తానో తెలియదు. అందరూ ఒకే వానలో తడుస్తున్నారు. పోంత్వాజ్ కూరమడిని చూసిన కళ్లే ఇక్కడ పారిస్ వీధిని చూస్తున్నాయి.

ఆ ఏడాది నవంబర్‌లో లండన్‌లో ఉన్న కొడుకు ఫెలిక్స్ క్షయతో పోయాడు. 23 ఏళ్లు. తాను కూడా చిత్రకారుడే. డిసెంబర్‌కల్లా పిస్సారో ఓటెల్ ద్యు లూవ్ర్‌లో మరో కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు, ఎదుట ఒపేరా వీధి, రూ సాంతోనోరే. పనే ఆయనకు ఓదార్పు.

ఆ కిటికీ కింద వీధుల్లో అప్పుడు రాజుకుంటున్నది డ్రేఫస్ వ్యవహారం. ఆల్‌ఫ్రెడ్ డ్రేఫస్ అనే యూదు సైనికాధికారిని దేశద్రోహి అని తప్పుడు నేరం మోపి 1894లో శిక్షించారు. 1898 జనవరి 13న రచయిత జోలా, దేశాధ్యక్షుణ్ని నిలదీస్తూ పత్రికలో లేఖ రాశాడు. దేశం రెండుగా చీలింది. పిస్సారో వెంటనే జోలాకు అభినందన పంపాడు. తాను గుడికి వెళ్లేవాడు కాదు, ప్రార్థన చేసేవాడు కాదు, దేవుణ్ని నమ్మేవాడూ కాదు. కానీ యూదులకు చావు అని వీధిలో అరుస్తున్నప్పుడు ఆ తేడాలను ఎవరు చూస్తారు? ఒక రోజు దురాన్-రుయెల్ దుకాణానికి నడిచిపోతుంటే అలా అరుస్తున్న కుర్రమూక మధ్య చిక్కుకున్నాడు. తొణక్కుండా వాళ్ల మధ్యలోంచే నడిచి బయటపడ్డానని, నన్ను యూదుడని వాళ్లు గుర్తుపట్టనే లేదని పెద్దకొడుకు లూసియెన్‌కు రాశాడు.

గుర్తుపట్టిన నేస్తాలు వేరే ఉన్నారు. రెన్వార్ దూరం జరిగాడు. దెగా పూర్తిగా ముఖం చాటేశాడు. దెగా అంటే ఎవరో కాదు, ఇరవై ఏళ్ల కిందట పిస్సారోతో కలిసి రాగిరేకుల మీద బొమ్మలు చెక్కినవాడు, తన ప్రెస్సు మీద పిస్సారో బొమ్మలను స్వయంగా అచ్చొత్తి ఇచ్చినవాడు. పిస్సారో నొచ్చుకున్నాడు. కానీ దెగా చిత్రకళ మీద ఆయనకున్న గౌరవం ఎప్పటిదప్పుడే ఉండిపోయింది. ఇది నాకు చేతనవుతుందా అని నేను చాలాసార్లు ఆలోచించాను. చేతకాదనే అనిపిస్తుంది.

ఆ ఓటెల్ ద్యు లూవ్ర్ కిటికీలోంచి గీసినవాటిలో ఒకటి, వానపడుతున్న మధ్యాహ్నపు రూ సాంతోనోరే. దాన్ని 1900లో కసీరర్ అనే జర్మన్ యూదు కుటుంబం కొన్నది. 1939లో లిలీ కసీరర్ నాజీల దేశం నుంచి ప్రాణాలతో బయటపడాలంటే ఈ బొమ్మను వదులుకోక తప్పలేదు. వెల 900 మార్కులు కట్టారు. ఆ డబ్బు కూడా ఆమె తీసుకోలేని ఖాతాలో వేశారు. ఇప్పుడా బొమ్మ మాడ్రిడ్‌లోని ఒక మ్యూజియంలో ఉంది. మనవడు క్లోద్ దాని జాడ కనుక్కుని 2005లో అమెరికాలో దావా వేశాడు. 2010లో ఆయన చనిపోయాడు. 2022లో ఒకసారి, 2025లో మరోసారి అమెరికా సుప్రీంకోర్టు ఆ కేసును కింది కోర్టుకు తిప్పి పంపింది. బులెవార్ మోన్మార్త్ర్ వరుసలోని వసంతకాలపు బొమ్మ కథ కూడా ఇలాంటిదే. మాక్స్ సిల్బర్‌బెర్గ్ అనే యూదు పారిశ్రామికవేత్త చేత 1935లో బలవంతంగా అమ్మించారు. ఆయన నాజీల చేతిలో ప్రాణం పోగొట్టుకున్నాడు. బొమ్మ 2000లో కుటుంబానికి తిరిగొచ్చింది. 2014లో లండన్ వేలంలో దాదాపు రెండు కోట్ల పౌండ్లు పలికింది. ఒకప్పుడు క్రీము బన్నుకు సాటిరాని చేతిపని అది.

1903 వేసవిలో ల హావ్ర్ రేవులో కిటికీ దగ్గర కూర్చుని ఓడలు గీశాడు. రేవులో సరుకు లెక్క రాసుకున్న కుర్రాడు 73 ఏళ్ల వయసులో మళ్లీ రేవు ముందుకే వచ్చాడు. ఆ నవంబర్ 13న పారిస్‌లో కన్నుమూశాడు. పేర్ లషేజ్ శ్మశానంలో సమాధి చేశారు.

మూడేళ్లకు, 1906లో, దక్షిణాన ఎక్స్ పట్టణంలో స్థానిక కళాభిమానుల సంఘం ప్రదర్శన పెట్టింది. పాల్ సెజాన్‌ది ఆ ఊరే. అప్పటికి ఆయనకు 67 ఏళ్లు. పారిస్ యువ చిత్రకారులు ఆయన గీత కోసం యాత్రలకు వచ్చినట్టు వస్తున్నారు. అదే ఆయన ఆఖరి సంవత్సరం కూడా. ప్రదర్శన జాబితాలో పేరు ఎలా వేయాలో సెజానే చెప్పాడు. ‘పాల్ సెజాన్, పిస్సారో శిష్యుడు’ అని వేశారు.